ఎత్తు ఎక్కితే తక్బీర్, దిగితే తస్బీహ్

వేసవి సెలవులు వస్తున్నాయంటే మన ఇళ్లలోనూ ప్రయాణాల ప్రస్తావన మొదలవుతుంది. హైదరాబాదు వెళ్లినవారు చార్మినార్ ఎక్కాలనుకుంటారు, గోల్కొండలో బాలాహిస్సార్ దాకా వెళ్లి రావాలనుకుంటారు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి విజిట్ వీసా మీద వెళ్లే పిల్లలయితే విమానం ఎక్కకముందే బుర్జ్ ఖలీఫా గురించి అడగడం మొదలుపెడతారు. కొత్త ఊరు చేరిన మనిషి ఒక ఎత్తయిన చోటు వెతుక్కొని, అక్కడి నుంచి ఊరంతా ఒక్కసారి కళ్లారా చూడాలని కోరుకోవడం సహజం. ఈ కోరిక విషయంలో విశ్వాసి ఎలా ఉండాలన్నదే ఈ నెల మన అంశం. అయితే, ఈ విషయంలో మేము చేసిన ఒక పొరపాటును ముందు చెప్పుకోవడం న్యాయం.

రెండేళ్ల క్రితం ఒక శుక్రవారం మా ఊరి మస్జిదులో బయాన్ చేసే బాధ్యత మా మీద పడింది. ప్రళయ సూచనలు అంశంగా తీసుకున్నాము. హదీసె జిబ్రీల్‌లో దైవప్రవక్త (స) చెప్పిన సూచనలలో ఒకటి మీకు తెలిసినదే. కాళ్లకు చెప్పులు, ఒంటి మీద సరైన బట్టలు లేని పేద గొర్రెల కాపరులు ఒకరితో ఒకరు పోటీపడి ఎత్తయిన భవనాలు కట్టే రోజు వస్తుందన్నది దాని సారాంశం. ఆ మాట చెప్పి, మేము ఇంకొంత దూరం వెళ్లాము. ఎడారిలో లేచిన ఆకాశహర్మ్యాలన్నీ అహంకారానికి గుర్తులనీ, వాటిని చూడటానికి డబ్బులిచ్చి ఎక్కేవారు ఆ అహంకారంలో పాలు పంచుకుంటున్నారనీ గట్టిగా చెప్పాము. జనం తలలూపారు. బాగా చెప్పామన్న తృప్తి మాకూ కలిగింది.

నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక చివరి వరుసలో ఒక వ్యక్తి మిగిలి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. దగ్గరికి వచ్చి సలాము చేసి, "హజ్రత్, ఒక్క మాట అడగవచ్చా?" అన్నాడు.

"అడుగు భాయ్."

"పదకొండేళ్లుగా ఆ పెద్ద బిల్డింగుల అద్దాలు తుడుస్తున్నాను. మా అమ్మీ మందులు, పిల్లల ఫీజులు, ఈ మస్జిదు వజూఖానాలో కొళాయిలకు నేనిచ్చిన చందా, అన్నీ ఆ డబ్బే. మీరు చెప్పిన లెక్కన నా సంపాదన ఎలాంటిది?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అతడే మళ్లీ తల దించుకొని అన్నాడు: "వచ్చే నెల భార్యాపిల్లలు అక్కడికి వస్తున్నారు. మావాడు ఏడాది నుంచి బుర్జ్ ఖలీఫా ఎక్కుదామంటున్నాడు. ఈ రోజు మీ బయాన్ విన్నాడు. ఇందాక బయటికి వెళ్తూ, 'వద్దులే అబ్బా, గునాహ్ అంట కదా' అన్నాడు. వాడికి ఏం చెప్పాలో తెలియక మీ దగ్గరికి వచ్చాను."

ఒక్క రోజు గడువు అడిగాము. ఆ రాత్రి సహీహ్ ముస్లింకు ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) రాసిన వ్యాఖ్యానం తీసి చూశాము. మదరసాలో విద్యార్థులుగా చదివినదే, కానీ బయాన్ ఊపులో గుర్తు రాలేదు. ప్రళయ సూచనగా చెప్పబడిన ప్రతిదీ నిషిద్ధమో నిందనీయమో కానక్కరలేదని ఆ ఇమాము స్పష్టంగా అంటారు. దానికి ఉదాహరణగా ఆయన ఎత్తుకున్నది కూడా ఈ కాపరుల భవనాల మాటనే. సూచన అంటే గుర్తు. లోకం స్థితి తలకిందులవుతోందని తెలిపే గుర్తు. గొప్పలకు పోయి పోటీపడటం వేరే దోషం, దాని లెక్క ఆ పోటీపడినవారిది. ఆ గోడలకు ఇటుక మోసినవాడి చెమటకూ, అద్దం తుడిచినవాడి కూలికీ ఆ దోషం అంటదు.

మరునాడు ఫజ్ర్ తర్వాత అతడిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పాము. నీ సంపాదన హలాల్ అన్నాము. తరువాతి శుక్రవారం అదే చోట నిలబడి, గతవారం మేము హద్దు మీరి మాట్లాడామని జమాఅత్ ముందు ఒప్పుకున్నాము. మొదటి బయాన్ కన్నా అది చాలా కష్టమైంది.

ఆ ఉదయం అతడు తన పని గురించి చెప్పిన మాటలే ఈ వ్యాసానికి మూలం. భవనం పైకప్పు నుంచి తాళ్లతో దిగే ఒక లోహపు తొట్టిలో ఇద్దరు నిలబడతారట. నడుముకు బెల్టు, చేతిలో సబ్బునీళ్లు, రబ్బరు పట్టీ. గాలి ఎక్కువైతే పని ఆపేస్తారు. "లోపల మనుషులుంటారు హజ్రత్. పర్యాటకులు కూడా వస్తారు. నేను అద్దానికి ఇవతల, వాళ్లు అవతల, మధ్య జానెడు దూరం. కానీ వాళ్ల చూపు నా భుజం మీదుగా ఊరి వైపే ఉంటుంది. ఫొటోకు అడ్డమని పక్కకు జరగమన్నట్లు చేత్తో సైగ చేసినవాళ్లూ ఉన్నారు. ఒకసారి మాత్రం ఒక చిన్నపాప చెయ్యెత్తి సలాము చేసింది" అన్నాడు. భయం వేయదా అని అడిగాము. "వేస్తుంది. పైకి లాగుతుంటే అల్లాహు అక్బర్ అనుకుంటాను, దిగుతుంటే సుబ్‌హానల్లాహ్ అనుకుంటాను. చిన్నప్పుడు మక్తబ్‌లో ఉస్తాద్ నేర్పారు" అన్నాడు.

పాఠక సోదరీ సోదరులారా, అతడు పాటిస్తున్నది సున్నత్. దైవప్రవక్త (స) వెంట ప్రయాణించిన సహచరులు ఎత్తు ఎక్కుతున్నప్పుడు తక్బీర్, పల్లంలోకి దిగుతున్నప్పుడు తస్బీహ్ పలికేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఇందులోని మర్మాన్ని మన పండితులు ఇలా వివరించారు. ఎత్తుకు చేరిన మనిషికి తాను పెద్దవాడినన్న భావన కలుగుతుంది, ఆ క్షణంలో పెద్దవాడు అల్లాహ్ ఒక్కడేనని నాలుక గుర్తు చేయాలి. పల్లానికి దిగడంలో తగ్గడం, కుంగడం ఉన్నాయి, అలాంటి లోపాలన్నిటికీ అల్లాహ్ అతీతుడని అప్పుడు చెప్పుకోవాలి. ప్రయాణంలో కొందరు గట్టిగా కేకలు వేస్తూ తక్బీర్ పలికితే, మీరు పిలిచేవాడు చెవిటివాడూ కాదు, దూరాన ఉన్నవాడూ కాదని, నెమ్మదిగా పలకమని దైవప్రవక్త (స) బోధించిన సంగతీ బుఖారీలోనే ఉంది. కాబట్టి నలుగురూ ఉన్న చోట మెల్లగా, మనసు పెట్టి అనుకుంటే చాలు.

ఎత్తు ఎక్కి చూడటం దివ్య ఖుర్ఆన్‌లోనూ, చరిత్రలోనూ మనకు కొత్త విషయం కాదు. చూసినవారి ఉద్దేశాలు మాత్రం వేరు వేరు. ఫిరౌన్ తన మంత్రి హామాన్‌ను పిలిచి, మట్టి కాల్చి ఇటుకలు చేసి ఎత్తయిన కట్టడం లేపమన్నాడు. దాని మీదికెక్కి మూసా (అ) ఆరాధించే దైవాన్ని చూస్తానన్నాడు. సూరా అల్ ఖసస్‌లో ఈ ప్రస్తావన వస్తుంది. సూరా అష్ షుఅరాలో హూద్ ప్రవక్త (అ) తన ఆద్ జాతి వారిని, ప్రతి ఎత్తు మీదా వ్యర్థంగా ఒక గుర్తు కట్టుకుంటారా అని మందలించారు. ఈ కట్టడాలన్నీ తమ గొప్పను లోకానికి చాటడానికే.

మరోవైపు హజ్రత్ హాజిరా (అ)ను తలచుకోండి. నీళ్లు లేని లోయలో పసికందు ఇస్మాయీల్ (అ) దాహంతో తల్లడిల్లుతుంటే ఆమె దగ్గరలోని సఫా గుట్ట ఎక్కి, ఎవరైనా కనబడతారేమోనని చూశారు. ఎవరూ లేరు. దిగి, లోయ దాటి, మర్వా ఎక్కి చూశారు. ఏడుసార్లు అలా తిరిగారు. నేటికీ హజ్, ఉమ్రాలకు వెళ్లిన ప్రతి ఒక్కరూ నడిచే సయీ ఆ తల్లి చూపులకు జ్ఞాపకమే. తర్వాతి కాలంలో దైవప్రవక్త (స) అదే సఫా గుట్ట ఎక్కి ఖురైష్ తెగలను పిలిచారు. ఈ కొండ వెనుక నుంచి సైన్యం వస్తోందని చెబితే నమ్ముతారా అని ముందు వారిని అడిగారు, ఆ తర్వాత రాబోయే శిక్ష గురించి హెచ్చరించారు. గుట్ట మీద నిలబడినవాడికి కింద ఉన్నవారికి కనిపించనిది కనిపిస్తుంది. అది చూసి వారి మేలు కోసం గొంతెత్తడం ప్రవక్తల పద్ధతి. ఎత్తు నుంచి చూసేటప్పుడు కింద ఉన్నవారు మన మనసులో ఉన్నారా లేరా అన్నదే ఈ రెండు రకాల చూపులను వేరు చేస్తుంది.

ఈ దృష్టితో మన హైదరాబాదునే చూద్దాం. 1591లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కట్టించిన చార్మినార్ నాలుగు దారుల కూడలిలో ఉంది. ఇరుకైన మెట్లు తిరుగుతూ పైకి వెళితే మొదటి అంతస్తు కమానుల దగ్గరికి చేరుతాము, సందర్శకులను అంతవరకే అనుమతిస్తారు. ఒక పక్క మక్కా మస్జిదు, మరో పక్క గాజుల లాడ్ బజార్, ఉత్తరాన చార్ కమాన్, గుల్జార్ హౌజ్ కనిపిస్తాయి. మనకు పైన, కట్టడం కప్పు మీద పడమటి వైపున ఒక మస్జిదు ఉంది. ఊరి నడిమధ్యన అంత ఎత్తు కట్టినవారు అన్నిటికన్నా పైచోటును సజ్దాకు కేటాయించారు. పిల్లలతో వెళ్లినప్పుడు ఈ మాట తప్పక చెప్పండి.

మా మదరసా పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లాము. ఒక పిల్లవాడు కిందికి చూసి, "హజ్రత్, మనుషులు చీమల్లా ఉన్నారు!" అని నవ్వుతూ చేతిలోని పల్లీ పొట్టు కిందికి వదిలాడు. మేము వాణ్ణి కోప్పడలేదు. కిందికి దిగాక ఆ పొట్టు పడిన చోటికే తీసుకువెళ్లి నిలబెట్టాము. అక్కడ ఒక ముసలాయన తోపుడు బండి మీద జామకాయలు అమ్ముకుంటున్నాడు. పైనుంచి మాకు కనిపించింది ఆయన గొడుగు మాత్రమే. పిల్లవాడు తానంతట తానే సలాము చేసి, పది రూపాయల జామకాయలు కొన్నాడు.

గోల్కొండలో మరో పాఠం ఉంది. బాలాహిస్సార్ మీది బారాదరి నుంచి ఉత్తరం వైపు చూస్తే కిలోమీటరు దూరంలో ఖుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. ఆ సుల్తానులలో చాలామంది తమ సమాధులను బతికి ఉండగానే కట్టించుకున్నారు. అంటే, కోట పైన గాలికి కూర్చున్న పాలకుడికి తాను చేరబోయే చోటు రోజూ కళ్లెదుటే ఉండేది. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట మొగలుల వశమైంది. చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు అక్కడ సమాధి అయ్యే భాగ్యం కూడా దక్కలేదు, ఆయన దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూశాడు. కొండ మీద నిలబడి ఫొటో దిగేముందు ఒక్క నిమిషం ఆ గుమ్మటాల వైపు తిరిగి, అక్కడ పడుకున్నవారి కోసం దుఆ చేయడం మరవకండి.

ఇక కొన్ని ఆచరణ విషయాలు. మొదటిది, చూపు. పూర్వకాలపు హిస్బా గ్రంథాలలో ముఅజ్జిన్‌కు ఒక నియమం కనిపిస్తుంది. మినార్ ఎక్కినప్పుడు చుట్టుపక్కల ఇళ్లలోకి చూడకుండా దృష్టి దించుకోవాలి. అజాన్ కోసం ఎక్కినవాడికే ఈ నిబంధన ఉందంటే, వినోదం కోసం ఎక్కిన మనకు ఎంత ఉండాలి? అనుమతి లేకుండా ఇతరుల ఇంట్లోకి తొంగి చూడటాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. ఈనాడు ఫోనుతో దూరాన్ని దగ్గరకు లాక్కోవచ్చు, కొన్ని చోట్ల దుర్బిణులూ ఉంటాయి. వాటిని మేడల మీద బట్టలు ఆరేసుకుంటున్న ఆడవారి వైపో, ఎవరి వరండా వైపో తిప్పడం అమానతులో ఖియానత్ అని పిల్లలకు ముందే చెప్పాలి.

రెండవది, సమయం. పరిశీలన వేదికలకు సూర్యాస్తమయం వేళ గిరాకీ ఎక్కువ, ఆ వేళ టికెట్టు ధర కూడా ఎక్కువే. సరిగ్గా అదే మగ్రిబ్ వేళ. వరుసలో నిలబడి, లిఫ్టు కోసం ఆగి, దిగేసరికి ఆ చిన్న సమయం కాస్తా చేజారిపోవచ్చు. ఉదయమో, అస్ర్‌కు బాగా ముందో వెళ్తే నమాజూ దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది. ఎత్తుకూ సూర్యుడికీ ఉన్న సంబంధం గురించి ఒక ఆసక్తికరమైన విషయం చెబుతాము. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. అంత పైన ఉన్నవారికి సూర్యుడు నేల మీద ఉన్నవారికన్నా కాస్త ఆలస్యంగా అస్తమిస్తాడు. అందుకే 2011 రమజాన్‌లో దుబాయి ముఫ్తీ, 80వ అంతస్తు పైన ఉండేవారు ఇఫ్తార్‌కు 2 నిమిషాలు, 150వ అంతస్తు పైన ఉండేవారు 3 నిమిషాలు అదనంగా ఆగాలని తెలిపారు. ఒకే భవనంలో కింది అంతస్తువాడు ఖర్జూరం నోట్లో పెట్టుకుంటాడు, పై అంతస్తువాడు ఇంకా ఎదురుచూస్తుంటాడు. పైకి వెళ్లినకొద్దీ ఆకలితో ఆగే సమయం పెరుగుతుందన్నమాట! పదవులలో, సంపదలో ఎత్తుకు చేరినవారు ఆలోచించదగ్గ విషయమిది.

మూడవది, భద్రత. ఢిల్లీ ఖుతుబ్ మినార్‌లో 1981 డిసెంబరు 4న లోపలి మెట్ల దగ్గర దీపాలు ఆరిపోయి, చీకట్లో తొక్కిసలాట జరిగి 45 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది బడిపిల్లలు. ఆ తర్వాత లోపలికి ఎక్కడం నిలిపివేశారు. ఇరుకు మెట్ల మీద తోసుకోవడం, గోడ అంచున నిలబడి సెల్ఫీలు దిగడం ప్రాణం అనే అమానతుతో ఆడుకోవడమే. వృద్ధులను, చిన్నపిల్లలను మధ్యలో ఉంచుకొని నడవండి. దిగేవారికి దారి ఇవ్వండి.

నాల్గవది, ఖర్చు. అప్పు చేసి, హక్కుదారుల బాకీ ఆపి, ఇరుగుపొరుగుకు చూపించుకోవడానికి ఎక్కితే అది దుబారా. స్తోమత ఉండి, భార్యాపిల్లల సంతోషం కోసం, అల్లాహ్ సృష్టినీ మనుషుల శ్రమనూ చూడటానికి ఎక్కితే అది అనుమతించబడిన పని. మంచి సంకల్పం తోడైతే దానికీ పుణ్యం లభిస్తుందని ఆశించవచ్చు.

ఆ సోదరుడికి చివరగా మేము చెప్పింది ఇదే. సెలవు ముగిసి అతడు వెళ్లిపోయాడు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఫోను చేశాడు.

"వెళ్లాము హజ్రత్. పొద్దున పూట టికెట్టు తక్కువని అప్పుడే వెళ్లాము. 124వ అంతస్తు. మావాడు అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. 'నువ్వు తుడిచే బిల్డింగ్ ఏది అబ్బా?' అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. అక్కడి నుంచి అగ్గిపెట్టెలా ఉంది. 'ఇంత చిన్నదా?' అన్నాడు. కాసేపు ఆగి, 'నువ్వు అక్కడ వేలాడుతుంటే ఇక్కడివాళ్లకు కనబడవు కదా!' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అల్లాహ్‌కు కనబడతాను బేటా అన్నాను."

కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తర్వాత అతడే అన్నాడు: "ఆ అద్దాన్ని కూడా బయటి నుంచి ఎవరో తుడిచి ఉంటారు కదా హజ్రత్, వాళ్ల కోసం దుఆ చేద్దామని వాడే అన్నాడు. అక్కడే నిలబడి చేశాము. దిగేటప్పుడు లిఫ్టులో వాడి పెదాలు కదులుతున్నాయి. సుబ్‌హానల్లాహ్ అంటున్నాడు. ఆ లిఫ్టు నిమిషంలో దిగిపోతుంది. ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టలేదు."

అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేయుగాక! ఎత్తున నిలబడినప్పుడు ఆయన గొప్పతనాన్నీ, కింద ఉన్నవారి హక్కులనూ మరచిపోని చూపును మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.